అరబిక్ నేర్చుకోవడానికి అమ్మానా, కైరోనా, దుబాయ్‌లో బాబాయి ఇల్లా?

ఎంవీపీ_అక్క:
మా చెల్లి ఈ ఏడు డిగ్రీ పూర్తి చేసింది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకు ఒమాన్, యెమెన్, ఇరాక్, సూడాన్ నుంచి పేషెంట్లు వస్తారు కదా, అక్కడ ఇంటర్‌ప్రెటర్‌గా చేరాలని దాని పట్టుదల. లిపి, మొదటి స్థాయి పాఠాలు ఆన్‌లైన్‌లో అయ్యాయి. ఇప్పుడు ఆ మాటల మధ్యే ఉండి నేర్చుకుంటానంటోంది. మా ముందున్నవి మూడు: జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో మూడు నెలల కోర్సు, కైరోలో దాదాపు అదే డబ్బుకు ఇంకా ఎక్కువ కాలం, లేదంటే దుబాయ్‌లో బాబాయి వాళ్లింట్లో ఉండి ఏదో ఒక క్లాసులో చేరడం. ఆడపిల్ల ఒంటరిగా ఎలా అని అమ్మకు టెన్షన్, అందుకని దుబాయ్ అంటోంది. మీరైతే ఏం చేస్తారు?

గాజువాక_గల్ఫ్:
దుబాయ్ వద్దు తల్లీ. ఏళ్ల తరబడి అక్కడ వెల్డింగ్ పని చేశాను. సైట్‌లో హిందీ, కొట్టుకెళ్తే హిందీ లేకపోతే ఇంగ్లిష్, రూముకొస్తే మన శ్రీకాకుళం వాళ్లతో తెలుగు. అరబ్బులు కూడా మనల్ని చూడగానే హిందీ కలిపిన పొడి పొడి మాటలే వాడతారు. దాంతో పని నడుస్తుంది గానీ ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది చెప్పడానికి చాలదు. బాబాయి ఇంట్లో ఎలాగూ తెలుగే.

ద్వారకానగర్_పాఠకురాలు:
అమ్మాన్‌కే పంపండి. పుస్తకాల్లో, వార్తల్లో ఉండేది ఫుస్‌హా. ఇంట్లో, వీధిలో మాట్లాడేది ఆమ్మియ్యా, అది దేశానికొక రకం. మన గ్రాంథికం, వ్యావహారికం లాంటిదే కదా అనుకోకండి, ఆ దూరం ఇంకా ఎక్కువ, పైగా రెండూ ఇవాళ వాడుకలో ఉన్నవే. నీకేం కావాలి అని అడగాలంటే ఫుస్‌హాలో మాదా తురీద్, అమ్మాన్‌లో షూ బిద్దక్, కైరోలో ఆయిజ్ ఏ, మొరాకోలో ష్నూ బ్గీతి. ముందు ఫుస్‌హా గట్టిగా పడితే ఏ మాండలికాన్నయినా తర్వాత అందుకోవచ్చు, ముందే మాండలికం పట్టుకుంటే వ్యాకరణం ఎప్పటికీ కుదరదు. 2011లో సిరియాలో యుద్ధం మొదలవకముందు విదేశీ విద్యార్థులు డమాస్కస్ ఎక్కువగా వెళ్లేవాళ్లు, తర్వాత చాలామంది అమ్మాన్ వైపు మళ్లారు. అక్కడ ఖాసిద్ లాంటి సంస్థలు ఫుస్‌హా మీదే దృష్టి పెడతాయి.

సీతమ్మధార_వాసి:
నేను కైరోలో చదివాను కాబట్టి చెప్తున్నా. ఎప్పటికీ కుదరదు అనడం అన్యాయం, పొద్దున ఫుస్‌హా, సాయంత్రం ఆమ్మియ్యా రెండూ పక్కపక్కనే నేర్పే చోట్లు కైరోలో ఉన్నాయి. ఈజిప్టు సినిమాలు, సీరియళ్లు అరబ్బు దేశాలన్నీ చూస్తాయి కాబట్టి ఆ యాస ఎక్కడైనా అర్థమవుతుంది. ఇక ఖర్చు. జోర్డాన్ దినార్‌ని 1995 నుంచి డాలర్‌కి కట్టేశారు, అందుకే అక్కడ మనకు ఏదీ చౌకగా దొరకదు. ఈజిప్టు పౌండు 2022 మొదట్లో డాలర్‌కి 16 లోపు ఉండేది, 2024 మార్చి తర్వాత 50 దగ్గరికి పడిపోయింది. అక్కడివాళ్లకు అది పెద్ద దెబ్బ. మనలాంటి ఇళ్ల నుంచి వెళ్లే పిల్లలకు మాత్రం ఇంకొన్ని నెలలు ఉండగలిగే వీలు.

పాతనగరం:
మాది ఉర్దూ ఇల్లు, చిన్నప్పుడే ఖురాన్ చదవడం నేర్చుకున్నాం, అయినా ఎదురుగా అరబ్బు మాట్లాడితే అందదు. అందుకే అడుగుతున్నా, యెమెన్ పెద్దాయనకు మీ చెల్లి కైరో మాట అర్థమవుతుంది సరే, ఆయన నొప్పి ఎక్కడో, ఎప్పటినుంచో తన యాసలో చెప్పింది మీ చెల్లికి అర్థం కావద్దా? పొరపాటుగా విని మందు మారితే? కైరో వాళ్లు జీమ్ అనే అక్షరాన్ని గ అంటారు, ఖాఫ్ అనే అక్షరాన్ని మింగేస్తారు. గల్ఫ్‌లో చాలాచోట్ల ఆ ఖాఫే గ అవుతుంది. ఒమాన్ గురించి ఎవరూ మాట్లాడరేం?

బీచ్‌రోడ్_భాష:
ఊరి పేరు పట్టుకుని వాదించుకుంటున్నాం గానీ, క్లాసు అయిపోయాక ఆ అమ్మాయి ఎవరితో ఏ భాషలో మాట్లాడుతుంది? నన్నడిగితే ప్రోగ్రామ్ ఎంచుకోవాల్సింది దాన్ని బట్టే. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు అరబిక్ పట్టుబడటానికి వేసిన లెక్క 2,200 క్లాసు గంటలు. వారానికి 20 గంటల చొప్పున 12 వారాలు కూర్చుంటే వచ్చేది 240. అంటే మూడు నెలల క్లాసులతో ఏ ఊళ్లోనూ ఇంటర్‌ప్రెటర్ అయిపోరు, మిగతాదంతా బయటి గంటల్లోంచే రావాలి. చాలా ప్రోగ్రాముల్లో విదేశీ పిల్లలందరినీ ఒకే ఫ్లాట్‌లో పెడతారు, సాయంత్రమయ్యేసరికి అందరూ ఇంగ్లిష్‌లోకి జారిపోతారు, అలాంటప్పుడు అమ్మాన్ అయినా ఒకటే, మధురవాడ అయినా ఒకటే. అమెరికాలో మిడిల్‌బరీ కాలేజీ వాళ్లు కోర్సు నడిచినన్నాళ్లూ నేర్చుకునే భాష తప్ప ఇంకోటి మాట్లాడనని సంతకం పెట్టించుకుంటారు, అది అరబ్బు దేశం కాకపోయినా పనిచేస్తుంది. పాతనగరం గారు అన్నట్టు ఒమాన్‌లో మనహ్ ఊళ్లో విదేశీయులకు అరబిక్ నేర్పే సుల్తాన్ ఖాబూస్ కాలేజీ ఉంది, అక్కడ విద్యార్థికి స్థానికులను భాషా భాగస్వాములుగా కలుపుతారు. డబ్బు కట్టేముందు గట్టిగా అడగండి: ఉండేది ఎవరింట్లో, ఆ ఇంటివాళ్లకు ఇంగ్లిష్ వచ్చా, క్లాసులో ఎంతమంది, మాండలికానికి వారంలో ఎన్ని గంటలు, పాత విద్యార్థితో ఫోన్లో మాట్లాడిస్తారా. మాట్లాడించం అంటే ఆ సంస్థని వదిలేయండి.

ద్వారకానగర్_పాఠకురాలు:
ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ మొదటి స్థాయి అమ్మాయిని ఇంగ్లిష్ రాని ఇంట్లో పెడితే రెండో వారానికే మూగబోతుంది. ఇక్కడే ఇంకో ఆరు నెలలు గట్టిగా చదివి, ఐన్, గొంతు లోపలి నుంచి పలికే హా లాంటి తెలుగులో లేని శబ్దాలు టీచరు దగ్గర సరిచేసుకుని వెళ్తే ప్రతి రోజుకీ విలువ ఉంటుంది. హైదరాబాద్‌లో ఇఫ్లూ అనే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో అరబిక్ విభాగం ఉంది, అక్కడ ఏ కోర్సులున్నాయో ముందు చూడండి.

సీతమ్మధార_వాసి:
ఆరు నెలలు ఆగితే చాలామంది ఇక వెళ్లరు, ఈలోగా ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి. మూగబోయినా ఫర్వాలేదు, ఆ ఇంటి అమ్మతో కూరగాయలు కోస్తూ కోస్తూ నోరు తెరుచుకుంటుంది. నేనైతే కైరోకే పంపుతాను.

ఎంవీపీ_అక్క:
దుబాయ్ సంగతి తేలిపోయింది, గాజువాక అన్న రాసింది అమ్మకు చదివి వినిపించాను. భాషా భాగస్వాముల మాట విన్నప్పటి నుంచి చెల్లి ఒమాన్ అంటోంది. ఈ వారం మూడు చోట్లకీ మెయిల్ పెట్టి బీచ్‌రోడ్ గారు చెప్పినవన్నీ అడుగుతాం. ఆరు నెలలు ఆగాలా వద్దా అన్నది మాత్రం ఇంట్లో ఇంకా తెగలేదు. ఆగి వెళ్లినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే రాయండి.