పాత డెక్‌కి సాండింగ్ చేయొచ్చా?

న్యూజెర్సీలో మేం ఈమధ్య కొన్న ఇంటి వెనకాల 1998లో కట్టిన డెక్ (చెక్క అరుగు) ఉంది, ప్రెషర్ ట్రీటెడ్ పైన్, అంటే కుళ్లకుండా మందు ఎక్కించిన కలప. ఎండకీ మంచుకీ బూడిదరంగు తిరిగింది. పేళ్లు లేచి పిల్లల కాళ్లకి గుచ్చుకుంటున్నాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను, లోపల చెక్క గట్టిగానే ఉంది. పనివాళ్లు చెప్పిన రేటు విన్నాక నేనే చేద్దామనుకుంటున్నా.

నా భయమల్లా సాండింగ్, అంటే చెక్కని అరగదీసి నునుపు చేయడం గురించే. 2003 చివరిదాకా ఇక్కడ ఇళ్లకి వాడిన ట్రీటెడ్ కలపలో ఎక్కువగా ఆర్సెనిక్ అనే విషం ఉండేది కదా, అరగదీస్తే లేచే ఆ పొడి పీల్చకూడదు. సాండర్ జోలికి పోకుండా ఆక్సిజన్ బ్లీచ్‌తో కడిగి, బూడిదరంగు పోవడానికి ఆక్సాలిక్ యాసిడ్ పట్టించి, బాగా ఆరాక ఆయిల్ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు నూనె) వేస్తే పేళ్లు అణుగుతాయా? లేక పైపలకలు మాత్రం మార్చేయడమే మేలా? ప్రెషర్ వాషర్ (నీళ్లు జోరుగా కొట్టే యంత్రం) వద్దనుకుంటున్నా, పీచు ఇంకా లేస్తుంది. ఇలాంటి పాత డెక్ సొంతంగా బాగుచేసుకున్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.