పిల్లలకు చేతిఖర్చు డబ్బులు: ఎంత ఇవ్వాలి, బ్యాంకు ఖాతా ఎప్పుడు తెరవాలి?

వంటింటి_పద్దు (ప్రశ్న)

బాబుకి పదకొండేళ్లు, పాపకి ఏడు. పాలబ్బాయి దగ్గర్నుంచి ఆటో దాకా ఇంట్లో అన్ని చెల్లింపులూ ఫోన్లోనే. స్కాన్ చేస్తే వస్తువు వస్తుందని బాబుకి తెలుసు, ఖాతాలో డబ్బు తగ్గుతుందన్న సంగతే తెలీదు. ఈ నెల నుంచి ఇద్దరికీ చేతిఖర్చు ఇద్దామనుకుంటున్నాం. వారానికి ఎంత ఇవ్వాలి? ఇంటిపని చేస్తే డబ్బులివ్వడం మంచిదేనా? పండక్కి చుట్టాలు చేతిలో పెట్టే నోట్లు ఎవరివి? బాబు పేరు మీద ఖాతా తెరిస్తే వాడే నడుపుకోవచ్చా? పొదుపు గొప్పతనం గురించి వద్దండీ, అంకెలతో చెప్పండి.

గళ్ళ_నోటుబుక్కు

ఎంత ఇవ్వాలన్నది తర్వాత, ముందు దేనికిస్తున్నారో తేల్చుకోండి. బాబు ఇకమీదట తనే కొనుక్కోవాల్సినవి రాయండి. బడి దగ్గర చిరుతిండి వారానికి రెండుసార్లు, 20. పెన్నూ రబ్బరూ లాంటివి, 10. ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికి 20. అంటే వారానికి 50. ఆ 20 తీసేస్తే చేతిఖర్చు కాస్తా సరుకుల చీటీ అయిపోతుంది, వాడు నిర్ణయించుకోవడానికి ఏమీ మిగలదు. పాపకి 20 చాలు.

యాభై నోటు ఇవ్వకండి, పది నోట్లు అయిదివ్వండి. విడదీయడానికి వీల్లేని డబ్బులో కొంత దాచమంటే ఏ పిల్లాడూ దాచలేడు. పది రూపాయల బిళ్ల కన్నా నోటే నయం. ఆ బిళ్లలన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించినా, మన దగ్గర చాలా కొట్లలో ఇప్పటికీ తీసుకోరు. ఏడేళ్ల పిల్ల కొట్టువాడితో వాదించలేదు కదా.

దాచుకోవడానికి రెండు గాజుసీసాలు పెట్టండి, ఒకటి ఖర్చుకి, ఒకటి కొనాలనుకున్న వస్తువుకి. ఆ వస్తువు ధర చీటీ మీద రాసి రెండో సీసాకి అంటించండి. పాపకైతే మూడు నాలుగు వారాల్లో అందేంత ధరే ఉండాలి. 600 బొమ్మ పెడితే ముప్ఫై వారాలు, మూడో వారానికే మర్చిపోతుంది. మట్టి ముంత ఇందుకు పనికిరాదు, లోపల ఎంతుందో కనపడదు.

బాబుకి నోటుబుక్కు ఇచ్చి నాలుగు గళ్లు గీయించండి: తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. ఆదివారం సీసాలో డబ్బు లెక్కపెట్టి చివరి గడితో సరిచూడాలి. ఓ అయిదో పదో తేడా వస్తుంది. అప్పుడు "ఏం చేశావు?" అని నిలదీస్తే మరుసటి వారం నుంచి దొంగపద్దు రాస్తాడు. తేడా అని రాయించి ముందుకెళ్లండి.

ఈ పద్ధతి ఎక్కువగా చెడేది మూడు చోట్ల. బుధవారానికే అయిపోయిందంటే జాలిపడి ఇంకో పది ఇవ్వడం, మార్కులు తగ్గాయని కోత పెట్టడం, ఇచ్చే రోజు మర్చిపోవడం. మొదటిది మరీ చేటు. అయిపోతే మళ్లీ వస్తుందని ఒక్కసారి తెలిస్తే చాలు, ఆ తర్వాత పద్దు రాయించడం దండగ. మూడు నెలలు సవ్యంగా నడిస్తే బాబుకి పదిహేను రోజులకోసారి ఇవ్వండి, ఆ తర్వాత నెలకోసారి. పాపకి ఇంకా రెండేళ్లు వారం లెక్కే.

మానేరు_ఒడ్డు

గల్లగురిగి, అదే పైసలు దాచే మట్టి ముంత, పనికిరాదన్నట్టు చెప్పిన్రు గని, నేనొప్పుకోను. వారం ఖర్చుకైతే సీసానే మంచిది, నిజమే. కని దసరాకో జాతరకో అని పెట్టుకున్న పైసలకు పగలగొడితే తప్ప తీయరానిదే కావాలె. ఎంత జమైందో తెల్వకపోతే, వేసినప్పుడల్లా గురిగి మీద సుద్దతో ఒక గీత గీయించున్రి. పది నోటుకు ఒక గీత.

పనికి పైసల సంగతి: కంచం కడిగినందుకు, పక్క సర్దినందుకు ఇయ్యొద్దు. అయిదు రూపాయలు ఇచ్చుడు మొదలుపెడితే, చేతిల పైసలున్న రోజు "ఇయ్యాల నాకు అక్కర లేదు" అంటడు, అది న్యాయమే అయితది. ఇంట్ల పని అందరిది. దానికి బదులు పాత పేపర్లు, అట్టపెట్టెలు కట్టగట్టి అమ్ముడు పిల్లలకు అప్పజెప్పున్రి. కొనేటాయన రాకముందే ఇంట్ల తూకం వేసి రాసుకోవాలె. ఆయన కాటా సున్నా మీద ఉన్నదా చూడాలె. కిలోకు 14 అంటే 6 కిలోలకు 84, నోటితో లెక్క కట్టాలె. వచ్చిన దాంట్ల సగం పిల్లలకు. బేరం, తూకం, గుణకారం ఒక్క కాడనే వస్తయి.

ఇంకొకటి. కిరాణ దుకాణంల మీ ఇంటి ఖాతా ఉంటే పిల్లలకు ఇయ్యొద్దని దుకాణదారుకు ముందే చెప్పి పెట్టున్రి. ఖాతాల రాయించుడు స్కాన్ కన్నా అల్కగ అలవాటైతది.

కౌంటర్_నెంబర్_మూడు

ఖాతా సంగతి నేను చెప్తాను. పదేళ్లు నిండిన పిల్లలు సేవింగ్స్, టర్మ్ డిపాజిట్ ఖాతాలు సొంతంగా తెరిచి నడుపుకునేలా బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్లో చెప్పింది. ఎంత వరకు అన్న పరిమితి ఏ బ్యాంకుకి ఆ బ్యాంకే పెట్టుకుంటుంది, జూలై 1 కల్లా నియమాలు సరిచేసుకోమంది. ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ ఇవ్వడమూ బ్యాంకు ఇష్టమే, కాబట్టి ఫారం నింపేముందే అడగండి. ఈ ఖాతాల్లో ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు, ఉన్నంతవరకే తీయాలి. పదేళ్లలోపు వారికి అమ్మో నాన్నో గార్డియన్‌గా ఉండాలి.

పిల్లవాడి ఆధార్, పుట్టిన తేదీ పత్రం, ఫొటోలు, మీ కేవైసీ (గుర్తింపు, చిరునామా) కాగితాలు, మీ మొబైల్ నంబరు సిద్ధంగా పెట్టుకోండి. ఎక్కువమంది చిక్కుకునేది రెండు చోట్ల. ఒకటి సంతకం: పదకొండేళ్లవాడు మూడుసార్లు పెడితే మూడు రకాలుగా ఉంటుంది. పొడుగాటి కలిపిరాత కాకుండా చిన్నది ఎంచుకుని వారం ముందు నుంచీ సాధన చేయించండి. రెండోది ఆధార్: అయిదేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప నమోదు చేయించకుండా వదిలేసి ఉంటే కేవైసీ దగ్గర ఆగిపోతుంది. పదిహేను నిండాక మళ్లీ చేయించాలి. పద్దెనిమిది నిండగానే కొత్త సంతకం, కొత్త కేవైసీ ఇవ్వాలని ఇప్పుడే ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

పోస్టాఫీసులోనూ పదేళ్లు నిండితే సొంత సేవింగ్స్ ఖాతా ఉంటుంది. కనీసం 500, వడ్డీ ఏడాదికి 4 శాతం. నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కూడా 100తో ఉంది కానీ అది అయిదేళ్లది, పదకొండేళ్లవాడికి పదహారేళ్ల వయసు అనేది ఊహకందదు. పాపకి సుకన్య సమృద్ధి (ఆడపిల్లల పొదుపు పథకం) మంచిదే, పదేళ్లలోపే తెరవాలి, ఏడాదికి కనీసం 250. కాకపోతే అది మీ పొదుపు, పాపకి నేర్పే పాఠం కాదు. రెండూ కలపకండి.

చుట్టాలిచ్చే డబ్బు గురించి. మనకి అది మర్యాద బాకీ, రేపు వాళ్ల పిల్లల చేతిలో మనమూ పెట్టాలి. అందుకే పెద్దవాళ్లు "ఇటివ్వు, నేను దాస్తా" అని తీసుకుంటారు, అది మళ్లీ కనపడదు. పిల్లలు చూసే మొదటి బ్యాంకు మనమే, అది ఎగ్గొట్టే బ్యాంకు కాకూడదు. పండక్కి ముందే చెప్పేయండి: 500 వస్తే 100 నీకు, 400 నీ ఖాతాలో. జమ చీటీ పిల్లవాడే నింపాలి, పాస్‌బుక్కు వాడే ప్రింటు వేయించుకురావాలి.

రైతుబజారు_సంచి

పాస్‌బుక్కులో వడ్డీ పడ్డాక లెక్క చూపించండి. 4 శాతమంటే నూటికి నెలకు 33 పైసలు. ఊళ్లో "రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. ఈ రెంటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయించండి. దాచినందుకు ఇంట్లో నెలకు నూటికి అయిదిచ్చే అమ్మానాన్నలున్నారు, అది ఏడాదికి 60 శాతం. అలా అలవాటుపడ్డవాడికి బ్యాంకు వడ్డీ వెక్కిరింతలా ఉంటుంది.

బాబుని వారానికోసారి రైతుబజారుకి తీసుకెళ్లండి. ధరల బోర్డు ఉంటుంది కాబట్టి బేరం గొడవ లేదు. చేతికి వంద నోటివ్వండి. టమాటా కిలో 28, ముప్పావు కిలో. బెండకాయలు కిలో 40, అరకిలో. కొత్తిమీర 10. మొత్తం 51, చిల్లర 49 రావాలని కొనకముందే చెప్పాలి. కొన్నాక చెప్తే అది లెక్కల హోంవర్కే.

కొట్లో ఎంఆర్‌పీ పక్కన గ్రాముకి ఎంతో అచ్చువేసి ఉంటుంది, అది చదవడం నేర్పండి. 45 గ్రాములు 10 అయితే గ్రాముకి 22 పైసలు, 150 గ్రాములు 30 అయితే 20 పైసలు. పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ చవక అనుకోకండి, షాంపూల్లో చాలాసార్లు సాచెట్లే చవక పడతాయి. పిల్లలకి ఈ తిరకాసులంటే మహా సరదా.

వంటింటి_పద్దు

చాలా థాంక్సండీ, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకో రెండు. అత్తయ్యగారు పిల్లలు అడిగితే కాదనలేరు, మధ్యలో ఆవిడిస్తే ఎలా? బాబు యూపీఐ కావాలంటున్నాడు, ఇవ్వచ్చా?

గళ్ళ_నోటుబుక్కు

బామ్మగారిని ఇవ్వొద్దనకండి, బాధపడతారు. ఆదివారం చేతిఖర్చు ఆవిడ చేత్తోనే ఇప్పించండి. ఇచ్చే హోదా ఆవిడకి దక్కితే మధ్యలో ఇవ్వడం చాలావరకు తగ్గుతుంది. అప్పుడూ ఇస్తే "వచ్చింది" గడిలో రాయాల్సిందే, రాసిన దాంట్లో సగం రెండో సీసాకి.

యూపీఐకి తొందరేం లేదు, ఓ ఏడాది నోట్లతో నడవనివ్వండి. తర్వాత కావాలంటే యూపీఐ సర్కిల్ చూడండి. ఖాతా మీదే, పిల్లవాడు తన ఫోన్లోంచి చెల్లిస్తాడు. ప్రతి చెల్లింపుకీ మీ పిన్ అడిగే పద్ధతి ఒకటి, నెలకు ఇంత అని వదిలేసే పద్ధతి ఇంకోటి. రెండోదానికి గరిష్ఠం నెలకు 15,000, మీరు 200 పెట్టుకోండి. మొదటిది భద్రమే గానీ, మీరు ఆఫీసులో ఫోన్ చూసేదాకా వాడు కొట్టు ముందు నిలబడాలి.

మీ పిన్ మాత్రం వాడికి చెప్పకండి. డబ్బు పంపడానికి పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు అన్నది ఇద్దరికీ నోటికి రావాలి, "నీకు బహుమతి వచ్చింది, పిన్ కొట్టు" అనే మోసం దీని మీదే నడుస్తుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకెళ్లి ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా ఈ రాత్రే మార్చండి. ఫోన్లో ఆటలాడే పిల్లలుంటే, సీసాల కన్నా ముందు చేయాల్సిన పని ఇదే.