శాఖా గ్రంథాలయానికి పాఠకులుగా మేము ఏ విధంగా అండగా నిలబడగలం?

ప్రశ్న: తిరుపతి పాఠకుడు

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఊరి చివర పేటలో ఉన్న ఒక చిన్న శాఖా గ్రంథాలయానికి నేను చాలా కాలంగా వెళ్తున్నాను. ఒక పెద్ద గది, దానికి ఆనుకొని బీరువాలుండే చిన్న గది, బయట వేపచెట్టు కింద రెండు సిమెంటు బెంచీలు ఉన్నాయి. ఉదయం తలుపు తీసే వేళకే పది పన్నెండు మంది వాకిట్లో నిలబడి ఉంటారు. పింఛను తీసుకొనే పెద్దలు దినపత్రికల కోసం వస్తారు. వారు ఒకే పత్రికను నాలుగు కాగితాలుగా విడదీసుకొని, సంపాదకీయం ఉన్న పేజీ ముందుగా ఎవరి చేతికి వెళ్లాలో చూపులతోనే తేల్చుకుంటారు. ఆ తర్వాత గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే యువతీ యువకులు వస్తారు. సాయంత్రం బడి విడిచాక పిల్లలు వస్తారు.

ఇటీవల మా గ్రంథపాలకురాలికి ఇంకొక గ్రంథాలయం బాధ్యత కూడా అప్పగించారు. ఆమె ఎంత శ్రమ పడినా ఒకే సమయంలో రెండు చోట్ల ఉండలేరు గనుక, శుక్రవారం సెలవుతో పాటు మరికొన్ని రోజులు కూడా తలుపు మూసే ఉంటోంది. తెరిచిన రోజున అందరూ ఒక్కసారిగా రావడంతో కుర్చీలు చాలడం లేదు. పరీక్షల పిల్లలు పొద్దున్నే పుస్తకాలు పెట్టి స్థలం పట్టుకుంటున్నారని పెద్దలు, పెద్దలు గట్టిగా రాజకీయాలు మాట్లాడుతున్నారని పిల్లలు ఒకరి మీద ఒకరు గుర్రుగా ఉన్నారు.

మాలో కొందరం కలిసి పాఠకుల సంఘం పెట్టుకోవాలని అనుకుంటున్నాం. తాళంచెవి ఒకటి మా దగ్గర ఉంచుకొని వంతులవారీగా తెరవడం, మనిషికి నెలకు వంద రూపాయలు పోగుచేసి కొత్త పుస్తకాలు కొనడం, ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు తెచ్చి ఇవ్వడం మా ఆలోచనలు. ఇవి సరైన పద్ధతులేనా? గ్రంథాలయాల్లో పనిచేసినవారు, ఇటువంటి ప్రయత్నం చేసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: చిత్తూరు, విశ్రాంత గ్రంథపాలకుడు

అయ్యా, మీ ఆలోచన వెనుక ఉన్న ప్రేమ నాకు అర్థమైంది. అయితే మీరు మొట్టమొదట చెప్పిన తాళంచెవి మాటను మాత్రం దయచేసి విడిచిపెట్టండి. గ్రంథాలయంలోని ప్రతి పుస్తకానికీ నమోదు రిజిస్టరులో ఒక సంఖ్య ఉంటుంది. తనిఖీ జరిగిన రోజున ఆ సంఖ్యకు ఎదురుగా పుస్తకం కనిపించకపోతే సమాధానం చెప్పుకోవలసింది గ్రంథపాలకురాలే. మీరు ఎంత నిజాయితీపరులైనా, ఆమె లేని సమయంలో తలుపు తెరిస్తే ఆమె ఉద్యోగాన్ని ఇరకాటంలో పెట్టినవారవుతారు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. పాఠకులే నడుపుకుంటున్నారని తెలిస్తే అక్కడ ఉద్యోగిని నియమించవలసిన అవసరం పైవారికి కనిపించకుండా పోతుంది. మనం ఖాళీని పూడ్చుకుంటూ పోతే ఆ ఖాళీ కాగితాల్లో శాశ్వతమవుతుంది.

మీరు అడగవలసినది దయ కాదు, మీరు ముందే డబ్బు చెల్లించిన సేవ. మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. దాని వెనుక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి ఉంది. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఏడాదికి రెండు వేల రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం అందులో భాగంగా కాక, దాని మీద అదనంగా 160 రూపాయలు గ్రంథాలయం కోసం కడుతోంది. ఆ సొమ్మును పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. రాష్ట్రంలో చాలా చోట్ల ఈ జమ ఆలస్యమై బకాయిలు పేరుకుపోవడం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేము చూసిన బాధే. మీ స్థానిక సంస్థ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అన్నది 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగి తెలుసుకోవచ్చు. కోపంతో కాకుండా, ఆ అంకెలు చేతిలో పెట్టుకొని జిల్లా సంస్థ కార్యదర్శి గారికి అర్జీ రాయండి. రోజుకు ఎంతమంది వస్తున్నారో చూపే సంతకాల పుస్తకం నకలును దానికి జత చేయండి. మా పైఅధికారులు మా మాట కంటే ఆ సంతకాలనే ఎక్కువగా నమ్మేవారు. కాబట్టి వచ్చిన ప్రతి ఒక్కరూ, పత్రిక ఒక్కటే చూసి వెళ్లేవారు సైతం, తప్పనిసరిగా సంతకం పెట్టేటట్టు చూడండి. పది మంది సంతకం పెట్టకుండా వెళ్లిపోతే ఆ పది మంది రానట్టే లెక్క.

చందాల విషయం. నగదు పోగుచేసి పుస్తకాలు కొనడంలో తప్పు లేదు గాని, ఆ డబ్బును గ్రంథపాలకురాలి చేతికి ఇవ్వకండి. పుస్తకం కొని, బిల్లుతో సహా విరాళంగా ఇచ్చి, విరాళాల రిజిస్టరులో రాయించుకొని రసీదు తీసుకోండి. పాత పుస్తకాలు తెచ్చే ముందు మాత్రం జాగ్రత్త వహించండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మిగిలిన పదేళ్ల కిందటి గైడ్లు, చెదలు పట్టిన వారపత్రికలు గోతాల్లో కట్టి గ్రంథాలయం గుమ్మంలో దించి, దానం చేశామనుకొనేవారు చాలామంది ఉన్నారు. చెదలు ఒక్క గోతంతో వస్తే బీరువా మొత్తం పోతుంది.

ఏ పుస్తకం అవసరమో తెలుసుకోవడానికి ఒక తేలికైన మార్గం చెబుతాను. గ్రంథపాలకురాలి అనుమతితో బీరువాలోని పుస్తకాల చివరి అట్ట లోపల అంటించిన తేదీ చీటీలు చూడండి. కొన్నింటి మీద తేదీ ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి, చోటు చాలక పక్కన రెండో చీటీ అంటించి ఉంటుంది. కొన్నింటి మీద పదిహేనేళ్ల కిందటి ముద్ర ఒక్కటే ఉంటుంది. మొదటి రకం పుస్తకాలకు రెండో ప్రతి కొనండి. రెండో రకాన్ని తీసి బయట బల్ల మీద నలుగురికీ కనిపించేటట్టు పేర్చండి. అడుగు అరలో వెనుక వరుసలో ఉండి ఎవరి కంటా పడనివే అందులో ఎక్కువగా ఉంటాయి. నేను అలా పేర్చిన ప్రతిసారీ కొన్ని పుస్తకాలు మళ్లీ ఇళ్లకు వెళ్లాయి.

సమాధానం 2: చంద్రగిరి నుంచి వచ్చే అభ్యర్థిని

నమస్కారం సార్. స్థలం పట్టుకుంటున్నామని పెద్దలు అంటున్న మాటకు మా తరఫున కొంత చెప్పుకోవాలి. తిరుపతిలో నెలకు డబ్బు కట్టి కూర్చొనే స్టడీ హాళ్లు వీధికి ఒకటి ఉన్నాయి. గది అద్దె, మెస్సు ఖర్చు, పరీక్షల ఫీజులు అయ్యాక ఆ డబ్బు కూడా కట్టగలిగిన స్థితి మాలో చాలామందికి లేదు. మా నాన్న పల్లెలో కౌలు రైతు. నేను బస్సు పాసు మీద వచ్చి వెళ్తాను. ఇంట్లో ఒకే గది, దానిలోనే టీవీ. ఫ్యాను, బల్ల, నిశ్శబ్దం, పక్కన చదువుతున్న మరో మనిషి ఉన్న చోటు నాకు గ్రంథాలయం ఒక్కటే. మధ్యాహ్నం తలుపు మూసినప్పుడు బ్యాగు పట్టుకొని బస్టాండులో కూర్చొని చదివిన రోజులు ఉన్నాయి. మళ్లీ వెళ్లేసరికి కుర్చీ ఉంటుందో లేదో అన్న భయంతోనే పుస్తకాలు పెట్టి వెళ్తాం గాని, పెద్దల మీద గౌరవం లేక కాదు.

నేను వెళ్లే గ్రంథాలయంలో దీనికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. తలుపు తీసినప్పటి నుంచి గంటన్నర సేపు కిటికీ పక్కనున్న పొడవు బల్ల పత్రికలవారిది. ఆ తర్వాత అది మాది. మాట్లాడుకోవాలంటే ఎవరైనా సరే బయటకు వెళ్లాలి. ఎవరూ రాతపూర్వకంగా ఆదేశించకపోయినా ఇది నిలబడింది. దీనివల్ల మేము ఊహించని మేలు ఒకటి జరిగింది. రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఒకరు పత్రిక చదవడం ముగించాక మా వ్యాసాలు దిద్దడం మొదలుపెట్టారు. ఎర్ర సిరాతో కాకుండా పెన్సిలుతో దిద్దుతారు. తప్పును చెరిపేసి మళ్లీ రాయమంటారు. ఆయనకు ఫోనులో జీవన ప్రమాణ పత్రం పంపడం, ఆసుపత్రి అపాయింట్‌మెంటు తీసుకోవడం మేము చేసిపెడతాం.

అమ్మాయిల తరఫున రెండు కోరికలు కూడా మీ అర్జీలో చేర్చండి సార్. గ్రంథాలయంలో శుభ్రమైన మరుగుదొడ్డి, వెలుపల వీధిదీపం కావాలి. ఇవి లేకపోతే సాయంత్రం ఏడు వరకు తెరిచి ఉంచినా మేము ఐదున్నరకే లేచి వెళ్లిపోతాం. మరుగుదొడ్డి లేదని మధ్యాహ్నం వరకు నీళ్లు తాగకుండా కూర్చొనే అమ్మాయిలు ఉన్నారన్న సంగతి సంఘాలు పెట్టే పెద్దలకు తెలియకపోవచ్చు.

సమాధానం 3: చిత్తూరు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు

పిల్లల గురించి ఎవరూ రాయలేదు గనుక రాస్తున్నాను. ఆదివారం ఉదయం మా పేట గ్రంథాలయంలో గంటసేపు పిల్లలతో కథలు చదివిస్తాను. గ్రంథపాలకుడి సమక్షంలోనే జరుగుతుంది గనుక ఎవరికీ ఇబ్బంది లేదు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు పోటీలు ఎలాగూ పెడతారు. ఆ వారంలో వచ్చిన పిల్లలు తర్వాత రాకుండా పోతున్నారని గమనించి దీనిని మొదలుపెట్టాం.

మూడో తరగతి చదివే ఒక పాపను వాళ్ల అవ్వ తీసుకొస్తుంది. అవ్వకు చదువు రాదు. మొదట్లో గుమ్మం బయటే కూర్చొనేది. ఒకరోజు పాప పత్రిక తెరిచి మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఎంతో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి వినిపించింది. ఆ ధర తమ ఊరి వ్యాపారి చెప్పినదానికంటే ఎక్కువగా ఉండటంతో అవ్వ లోపలికి వచ్చి, "ఇంగోసారి సదువు పాపా" అని అడిగింది. ఆ తర్వాత వారం నుంచి అవ్వ మా పక్కనే కుర్చీలో కూర్చుంటోంది. పిల్లల కథలు కూడా శ్రద్ధగా వింటుంది. కథల పుస్తకాలు ఎన్ని కొన్నా, చదివించే మనిషి ఒకరు పక్కన లేకపోతే పిల్లలు బొమ్మలు చూసి పెట్టేస్తారు. మీ సంఘంలో డబ్బు ఇవ్వగలిగినవారి కంటే ఆదివారం ఒక గంట ఇవ్వగలిగినవారిని ముందుగా వెతకండి.

సమాధానం 4: పుత్తూరు పాఠకుడు

నాకు చూపు చాలా తక్కువ. గ్రంథాలయం నా వంటివారికి ఏమీ ఇవ్వలేదని చాలాకాలం అనుకున్నాను. అచ్చు చదవలేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో చెవితో వినదగిన పుస్తకాలు ఉన్నాయి. సభ్యులుగా చేరితే ఫోనులోకి దించుకోవచ్చు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించడం వల్ల ఇటువంటి ప్రతులు తయారు చేయడానికి అడ్డంకి తొలగింది. చేరే పద్ధతిని నాకు చూపించింది మా గ్రంథాలయానికి వచ్చే ఒక కళాశాల విద్యార్థి. మీ సంఘం ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఈ సాయం ఇక్కడ దొరుకుతుంది" అని రాసి గోడకు అంటించి, ఇంట్లోవారికి కూడా నోటితో చెప్పండి. మాలో చాలామంది ఆ గోడ దాకా రారు.

మన సరిహద్దు ఊళ్లలో తమిళం మాత్రమే చదవగలిగిన పెద్దలు చాలామంది ఉన్నారన్న విషయం కూడా గుర్తుంచుకోండి. పుత్తూరు, నగరి వైపు తమిళ పత్రిక ఒకటి ఉంటే వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: తిరుపతి పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. తాళంచెవి ఆలోచనను మానుకున్నాం. ఈ సాయంత్రం గ్రంథపాలకురాలితో కూర్చొని మాట్లాడాం. పొడవు బల్లను ఉదయం గంటన్నర సేపు పత్రికలకు కేటాయించడానికి పెద్దలు, విద్యార్థులు ఇద్దరూ ఒప్పుకున్నారు. సంతకాల పుస్తకం గుమ్మం పక్కనే కనిపించేటట్టు పెట్టించాం. అర్జీలో పూర్తికాలపు ఉద్యోగి తర్వాత రెండో అంశంగా మరుగుదొడ్డి, వీధిదీపం చేర్చాం. ఆ భాగాన్ని అమ్మాయిలనే రాయమని కోరాం. ఆదివారం కథలకు విశ్రాంత ఉపాధ్యాయులు ఇద్దరు ముందుకు వచ్చారు.

ఇంకొక్క సందేహం. మా పేటలో కూడా తమిళం చదివే పెద్దలు ఉన్నారు. ఒక దుకాణదారు ఏడాది పాటు తమిళ దినపత్రిక ఖర్చు భరిస్తానంటున్నారు. దీనిని ఎలా స్వీకరించాలి?

సమాధానం 5: చిత్తూరు, విశ్రాంత గ్రంథపాలకుడు

ఆయననే నేరుగా పత్రిక ఏజెంటుకు ఏడాది చందా కట్టి, రసీదు నకలును గ్రంథపాలకురాలికి ఇవ్వమనండి. రోజూ వచ్చే పత్రికను ఆమె మిగిలిన పత్రికలతో పాటు హాజరు రిజిస్టరులో రాసుకుంటారు. గ్రంథాలయం మూసి ఉండే రోజుల్లో పత్రిక గుమ్మం కింద నుంచి లోపలికి వేయమని ఏజెంటుకు ముందే చెప్పండి. బయట పడేస్తే టీ అంగడికి చేరుతుంది. ఏడాది పూర్తికావడానికి రెండు నెలల ముందే, ఎంతమంది చదివారో సంతకాల లెక్క చూపి, ఆ పత్రికను సంస్థ కొనే జాబితాలో చేర్చమని అడగండి. అర్జీ నకలు మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోవడం మరవకండి.