అప్‌డేట్: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ తర్వాత ఏం చేశానంటే

అందరికీ థ్యాంక్స్ అండి. స్టాటిస్టిక్స్ చదివినోళ్లకి ఐటీ తప్ప దారి లేదా అని అప్పుడు అడిగా కదా, ఏమైందో చెప్తా.

ముందు అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సుల కోసం తిరిగా, ఒకచోట ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ కూడా పెట్టిస్తాం అన్నారు, బాధేసి లేచొచ్చేశా. తర్వాత మీలో ఒక అక్క చెప్పినట్టే క్లినికల్ సాస్ (మందుల ట్రయల్స్ డేటా మీద SAS అనే సాఫ్ట్‌వేర్‌తో చేసే పని) నేర్చుకున్నా, మాదాపూర్‌లో ట్రైనీగా చేరి మూడు నెలలైంది. ఆ డేటాని ముందు ఎస్‌డీటీఎం అనే స్టాండర్డ్ ఫార్మాట్‌లోకి, అక్కణ్నుంచి అనాలిసిస్‌కి వాడే అడామ్ ఫార్మాట్‌లోకి మార్చి టేబుల్స్ తీయాలి. మొన్న ఒక పేషెంట్‌కి వాంతులు మొదలైన తేదీలో నెల, సంవత్సరమే ఉన్నాయి, రోజు లేదు. అవి మందు వేసుకోకముందు మొదలయ్యాయా తర్వాతా అన్నది ఆ రోజు మీదే ఉంటుంది, అలాంటప్పుడు ఎలా నింపాలో ట్రయల్ అనాలిసిస్ ప్లాన్‌లో ముందే రాసిపెడతారు, మన ఇష్టం కాదు. సాయంత్రం దాకా దాని మీదే కూర్చున్నా. మిస్సింగ్ డేటా గురించి పరీక్ష కోసం చదివా గానీ దాని వెనకాల ఒక మనిషి ఉంటాడని అప్పుడే తెలిసొచ్చింది.

ఐఎస్ఎస్ (ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్) మాత్రం వదల్లేదు. యూపీఎస్సీదే, రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200, జనరల్ వాళ్లకి 30 ఏళ్ల వరకే కాబట్టి నాకింకా టైముంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల సీజీఎల్ పరీక్షలో జేఎస్‌ఓ (జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్) పోస్టు కూడా చూడండి, చాలామందికి అది ఉందనే తెలీదు.

ఐఎస్ఎస్‌లో స్టాటిస్టిక్స్ పేపర్ 3, 4 డిస్క్రిప్టివ్ కదా, ఆన్సర్లు రాస్తే దిద్దిపెట్టేవాళ్లు ఉస్మానియా వైపు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, ఆదివారాలు వస్తా.