“అయిపోయింది” అంటే ఎంత అయినట్టు?

గోదారిగట్టు: హైదరాబాద్‌లో ఓ చిన్న టీమ్‌కి లీడ్‌ని. ఓ కుర్రాడు సోమవారం నుంచి “ఆల్‌మోస్ట్ అయిపోయింది అన్నా” అంటున్నాడు. గురువారం క్లయింట్ కాల్‌కి అరగంట ముందు చూస్తే, లాగిన్ దాటి ముందుకే పోలేదు. అందరి ముందూ తిట్టాను. అప్పటి నుంచి అడిగిందానికి తప్ప నోరు విప్పడు. మీ దగ్గర ఇలాంటివి ఎలా సర్దుకున్నారు?

కాజాలుగుండీలు: మాది టైలరింగ్ షాపు. “హుక్సులే మిగిలాయి అక్కా” అన్నామంటే బట్టకి ఇంకా కత్తెర పడలేదని అర్థం :) పోయిన శ్రావణంలో ఒకామె వ్రతం ముందురోజు వచ్చింది. మడత విప్పని జాకెట్టు ముక్క చూసి, ఒక్క మాట అనకుండా పట్టుకెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు ఫోన్ చేస్తే “కత్తిరించాను, కుట్టలేదు, శనివారం ఇస్తా” అని ఉన్నదే చెప్తున్నా. ఇద్దరు ముగ్గురు వేరే షాపుకి వెళ్ళారు. వెళ్ళనీ.

మేస్త్రీబాధితుడు: మా మేస్త్రీని నిలదీస్తే, “నిజం చెప్తే అడ్వాన్సు వెనక్కి అడుగుతారు సార్” అన్నాడు. ఒకసారి అడిగాను కూడా. ఇంకేం మాట్లాడను!

రాత్రిడ్యూటీ: నర్సుని. డాక్టర్ ఫోన్లో మందు చెప్తే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఆయన అవునన్నాకే ఇస్తాం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి, అందుకే “ఒకటి, ఐదు” అని విడదీసి అడుగుతాం. ఇదే ఇంట్లో మా ఆయన మీద ప్రయోగిస్తే “నేనేమైనా పేషెంటునా?” అన్నారు. పాలు మాత్రం మర్చిపోకుండా తెచ్చారు.

రన్‌వే: దీనికి విమానాల్లో పెద్ద మూల్యమే చెల్లించారు. 1977 మార్చి 27, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవిలో ఎయిర్‌పోర్టు, పొగమంచు. కేఎల్ఎం విమానం టేకాఫ్‌కి పరుగు మొదలుపెట్టేసింది. రేడియోలో వాళ్ళు చెప్పింది విని, ఇంకా నిలబడే ఉన్నారనుకుని కంట్రోలర్ “ఓకే” అన్నాడు. వెంటనే “ఆగండి, పిలుస్తాను” అనీ అన్నాడు. సరిగ్గా అప్పుడే అదే రన్‌వే మీదున్న ఇంకో విమానం, పాన్ యామ్ వాళ్ళూ మాట్లాడటంతో ఆ రెండో ముక్క కీచుమోతలో కలిసిపోయింది. రెండు విమానాలూ ఢీకొని 583 మంది పోయారు. కారణం ఇదొక్కటే కాదు గానీ, ఆ తర్వాత “టేకాఫ్” అన్న మాట దాని అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్నారు. క్లియరెన్స్‌కి ఒట్టి “ఓకే” చెల్లదు, విన్నది తిరిగి చెప్పాల్సిందే.

గోదారిగట్టు: వారం తర్వాత మళ్ళీ రాస్తున్నా. “అయిందా?” అనడం మానేసి “ఎక్కడ ఆగింది, చూపించు” అంటున్నా. రెండ్రోజులు బిగుసుకునే ఉన్నాడు. నిన్న ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, “అన్నా, ఈ టోకెన్ సంగతి మొదటి రోజు నుంచీ అర్థం కాలేదు” అన్నాడు. ఇరవై నిమిషాల్లో తేలిపోయింది.

కాజాలుగుండీలు: మరి అందరి ముందూ తిట్టినందుకు సారీ చెప్పారా?

గోదారిగట్టు: ... ఇంకా లేదండీ.