ఆనర్స్ పిల్లలకి మెంటర్‌గా వేశారు, నాలుగో ఏడు చదవమనాలా వద్దనాలా?

చీపురుపల్లి_కెమిస్ట్రీ అడిగారు:

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని, కెమిస్ట్రీ చెప్తాను. ఈ ఏడాది మూడో సంవత్సరం పిల్లలు 22 మందికి నన్ను మెంటర్‌గా వేశారు. వేశారంటే పెద్ద ఆర్డరేం కాదు, ఒక రిజిస్టర్ చేతిలో పెట్టి 'నెలకోసారి పిలిచి మాట్లాడి సంతకాలు పెట్టించండి మేడమ్, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వస్తే అడుగుతారు' అన్నారు. అందులో నాలుగు గడులు: పేరు, సమస్య, ఇచ్చిన సలహా, సంతకం. నాకు ముందు చేసినాయన సమస్య కింద 'లేదు' అని, సలహా కింద 'బాగా చదవమని చెప్పడమైనది' అని మొదటి పేరుకి రాసి, కింద 21 వరసలకీ డిట్టోలు పెట్టేశారు. చూసి నవ్వొచ్చింది గానీ, పెన్ను పట్టుకుంటే నాకూ అంతకంటే ఏం తోచలేదు.

విషయం ఏమిటంటే, వీళ్లు 2023-24లో చేరిన సింగిల్ మేజర్ బ్యాచ్, అంటే ఒక్కటే ప్రధాన సబ్జెక్టు. మూడేళ్లకి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోవచ్చు, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. ఇప్పుడు అందరి ప్రశ్నా ఒకటే, ఉండాలా వెళ్లాలా అని. ఒకమ్మాయి ఉంది, 8.4 సీజీపీఏ, క్లాసులో నేను బోర్డు మీద తప్పు రాస్తే లేచి చెప్పేది తనొక్కతే. వాళ్ల నాన్న జూట్ మిల్లులో చేసేవారు, మిల్లు మూతపడ్డాక ఆటో తోలుతున్నారు. నేను నాలుగో ఏడు గురించి రెండుసార్లు అడిగితే రెండుసార్లూ 'మీరెలా చెప్తే అలాగే మేడమ్' అంది. తర్వాత ఆయన ఫోన్ చేసి, 'డిగ్రీ మూడేళ్లే కదమ్మా, ఈ నాలుగోది ఎవులు పెట్టారు?' అని కాస్త గట్టిగానే అడిగారు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నేను ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్, అయినా గంట లెక్కన జీతం తీసుకుంటున్నాను. రీసెర్చ్ చెయ్యి, పీహెచ్‌డీకి వెళ్లు అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వంశధార_ఒడ్డు:

అమ్మా, శ్రీకాకుళం వైపు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మా నాన్నగారి రోజుల్లో ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ చదివాడంటే ఊళ్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది, అందుకే కాబోలు సర్వీసులో ఉన్నంతకాలం బాగా చదివే ప్రతివాణ్నీ పైకి తోసేవాణ్ని. అలా తోసి ఒకణ్ని పాడు చేశాను. పాలకొండ దగ్గర పల్లె వాడిది, లెక్కల్లో దిట్ట. ఎమ్మెస్సీ తప్ప ఇంకోటి వద్దని నేనే పట్టుబట్టి వైజాగ్ పంపించాను. రెండు నెలలకి పెట్టె బేడాతో వెనక్కి వచ్చేశాడు. సీటొచ్చిందా, ఫీజెంత అని అడిగాను గానీ హాస్టల్ మెస్ బిల్లు నెలనెలా ఎవరు కడతారని నేనొక్కసారీ అడగలేదు. వాడూ చెప్పలేదు, ఎందుకంటే నేను అంత సంబరంగా ఉన్నాను మరి.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. స్టాఫ్ రూములో నిలబెట్టి అడిగితే పిల్లలు చేతులు కట్టుకుని తలూపుతారు తప్ప నోరు విప్పరు. సాయంత్రం బస్టాండు దాకా వాళ్లతో నడిచేవాణ్ని. భవిష్యత్తు ప్రణాళిక ఏమిటని అడక్కండి, ఆ ప్రశ్నకి మనకే జవాబు లేదు. పొద్దున్న ఎన్ని గంటల బస్సు ఎక్కుతావు, ఇంటికెళ్లాక ఏం చేస్తావు, ఇంట్లో ఇంకా ఎవరు చదువుతున్నారు, ఇవి అడగండి. తమ్ముడు ఇంటర్‌కి వస్తున్నాడంటే అక్క చదువు ఆగబోతోందని సగం అర్థమైపోతుంది. నాలుగో ఏడు సంగతి ఆ తర్వాత ఎత్తండి. మీ జీతం మాట కూడా దాచకండి, అది కూడా వాళ్లకి కావలసిన సమాచారమే.

పరీక్షల_గుమాస్తా:

మేడమ్ గారూ, పెద్దాయన చెప్పింది బానే ఉంది గానీ నడిచే ముందు కాగితాలు చూసుకోండి. ఆనర్స్ సంగతి అడగడానికి వచ్చిన పిల్లల్లో చాలామందికి మొదటి ఏడాది సబ్జెక్టు ఒకటి ఉండిపోయి ఉంటుంది, ఆ ముక్క మెంటర్‌కి చెప్పరు. కాబట్టి మార్కుల మెమోలన్నీ తెమ్మనండి, 'అన్నీ పాసే సార్' అన్న మాట నమ్మకండి.

లెక్క ఇదీ. పాసైన ప్రతి పేపరుకీ కొన్ని క్రెడిట్లు వస్తాయి. మూడేళ్ల డిగ్రీకి యూజీసీ (యూనివర్సిటీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) చెప్పింది కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. నాలుగో ఏడులో మళ్లీ రెండు దారులు, మామూలు ఆనర్స్ ఒకటి, ఆనర్స్ విత్ రీసెర్చ్ ఒకటి. రెండోదానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి, అందులో 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఉంటుంది. ప్రాజెక్టు వద్దనుకున్నవాళ్లు దాని బదులు పేపర్లు చదువుకుంటారు. ఈ రీసెర్చ్ ఆనర్స్ అన్ని కాలేజీల్లోనూ దొరకదు. మీ డిపార్టుమెంటులో గైడ్ చెయ్యగలిగిన పీహెచ్‌డీ వాళ్లు, పనిచేసే ల్యాబూ ఉన్నాయా అని ముందు మీ ప్రిన్సిపాల్ గారిని అడగండి, లేకపోతే లేనిదాన్ని ఆశపెట్టినట్టవుతుంది.

ఇంకోటి, క్రెడిట్ బ్యాంకు ఖాతా, అంటే పిల్లల క్రెడిట్లు ఆన్‌లైన్‌లో జమయ్యే ఖాతా. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో పొడి అక్షరం ఉంటుంది, పేరు కలవక క్రెడిట్లు ఎక్కవు. ఆఖరి నెలలో మా కిటికీ దగ్గర ఏడ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ బాపతే. ఇప్పుడే సరిచేయించండి, మీ రిజిస్టర్‌లో 'సమస్య' గడిలో రాయడానికి మంచి విషయం కూడా.

రాజాం_ఎస్జీటీ:

సూటిగా చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు. మన జిల్లాల్లో ఆడపిల్ల అయినా మగపిల్లాడైనా డిగ్రీ తర్వాత చూసేది డీఎస్సీ వైపే. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి పడితే మా వీధిలో లైబ్రరీ ఖాళీ లేదు. స్కూల్ అసిస్టెంట్‌కి డిగ్రీ, బీఈడీ, టెట్ కావాలి, ఆనర్స్ అడగరు. గ్రూప్-2కీ డిగ్రీ చాలు. అలాంటప్పుడు ఇంకో ఏడాది ఎందుకు? ఎడ్‌సెట్ రాయించి బీఈడీలో వేసెయ్యండి. ఆటో తోలుకునే ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు.

తేలినీలాపురం_కొంగ:

ఎస్జీటీ గారు డీఎస్సీ రాసేవాళ్ల వరకు చెప్పింది కరెక్టే, అందరికీ అదే అంటేనే ఇబ్బంది. పీజీకి వెళ్లాలని గట్టిగా ఉన్నవాళ్లకి లెక్క వేరు. మూడేళ్ల డిగ్రీ మీద రెండేళ్ల పీజీ, లేదా నాలుగేళ్ల ఆనర్స్ మీద ఒక ఏడాది పీజీ, ఎటు చూసినా అయిదేళ్లే. కాకపోతే ఆ ఒక ఏడాది పీజీ తాను వెళ్లాలనుకునే యూనివర్సిటీలో, తన సబ్జెక్టులో పెట్టారో లేదో చూసుకోవాలి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నెట్ (లెక్చరర్ ఉద్యోగానికీ రీసెర్చ్ ఫెలోషిప్‌కీ పెట్టే జాతీయ పరీక్ష) రాయొచ్చు, పీహెచ్‌డీకి కూడా అప్లై చెయ్యొచ్చు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 5 శాతం సడలింపు ఉంది. అందుకని 8.4 ఉన్న అమ్మాయికి ఇది ఊరికే తీసిపారేసే విషయం కాదు.

నా సంగతి చెప్తాను. నేను జువాలజీ, మూడేళ్లకే బయటికొచ్చి ఎమ్మెస్సీ చేశాను. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా, మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, తాగునీటి మీద ఇంటింటి సర్వే. నేను నాలుగిళ్లు తిరిగి, ఎండ తట్టుకోలేక మిగతావి జీడితోటలో చెట్టు కింద కూర్చుని నింపేశాను. మా ఫ్రెండు ఆ నాలుగిళ్లు కూడా తిరగలేదు, జిరాక్స్ షాపులో పాత రిపోర్టు కొని పేరు మార్చాడు. ఆ కాలేజీలో అందరూ సంతకం పెట్టి పంపించేవారే. మా మేడమ్ ఒక్కరే నా పుస్తకం తిరగేసి, పదిహేడో ఇల్లు దగ్గర వేలు పెట్టి, 'ఈ ఇంట్లో నుయ్యి ఏ పక్కన ఉంది?' అని అడిగారు. నాకు చెమటలు పట్టాయి. తిట్టలేదు, పుస్తకం మూసి చేతికిచ్చి 'వెళ్లి చూసి రా' అన్నారు. వెళ్లాను. ఆ ఇంట్లో నుయ్యే లేదు, ఇద్దరు కిడ్నీ పేషెంట్లు ఉన్నారు, ముసలాయన నన్ను కూర్చోబెట్టి డయాలిసిస్‌కి ఎన్నింటికి బయల్దేరతారో, ఎవరు తోడొస్తారో అంతా చెప్పాడు. నేను సైన్సులో ఉండిపోవడానికి కారణం ఆ మధ్యాహ్నమే.

అందుకని మేడమ్, ఉండు వెళ్లు అనే ముందు ఆ అమ్మాయి ప్రాజెక్టు పుస్తకం తెప్పించుకుని ఒక పేజీ మీద వేలు పెట్టి అడగండి. తను నిజంగా తిరిగిందైతే మాటలు ఆగవు, అప్పుడు తనకి ఏది ఇష్టమో మీకే తెలిసిపోతుంది. 'మీరెలా చెప్తే అలాగే' అన్నది మన పిల్లలకి మర్యాద, అభిప్రాయం లేక కాదు. నేనూ మా మేడమ్‌తో రెండేళ్లు అదే అన్నాను. అయితే పెద్దాయనతో ఒక్కచోట ఒప్పుకోను, ఎంతసేపూ బస్సులూ ఇంటి సంగతులూ అడుగుతూ కూర్చుంటే 'ఈవిడకీ ఏం తెలీదు' అనుకుంటారు. అన్నీ విన్నాక మీరేమనుకుంటున్నారో చెప్పేయండి, నచ్చకపోతే వాళ్లే మానేస్తారు.

వంశధార_ఒడ్డు:

ఒప్పుకున్నాను నాయనా. దెబ్బ తిన్నవాణ్ని కదా, చెప్పడానికి ఇప్పటికీ జంకుతాను. ఆ పదిహేడో ఇల్లు మాత్రం నాకు తట్టలేదు సుమా.

చీపురుపల్లి_కెమిస్ట్రీ:

అందరికీ థాంక్స్, పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఇంటర్నల్స్ నడిచాయి. గుమాస్తా గారు చెప్పినట్టు మెమోలు తెమ్మంటే 22 మందిలో ఆరుగురికి ఏదో ఒకటి తప్పి ఉంది, ముగ్గురికి పేర్లు కలవడం లేదు. అవన్నీ సమస్య గడిలో రాశాను.

ఆ అమ్మాయితో ప్రాజెక్టు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. తనది వీధిలో చదువు మానేసిన పిల్లల మీద. ఒక పేజీ మీద వేలు పెట్టి 'ఈ బాబు ఎందుకు మానేశాడు?' అని అడిగితే, 'మానెయ్యలేదు మేడమ్, ఇప్పుడు నా దగ్గరికి ట్యూషన్‌కి వస్తున్నాడు' అంది. అప్పటికి గానీ తెలీలేదు, సాయంత్రం 14 మందికి ట్యూషన్ చెప్తోంది, తమ్ముడి బస్ పాసు ఆ డబ్బుల్లోంచే. నాలుగో ఏడులో ల్యాబ్ సాయంత్రం దాకా ఉంటే ట్యూషన్ పోతుందని భయం, అది నాకు చెప్పడానికి మొహమాటం. నాకేమో కెమిస్ట్రీలో ఉండిపోతే బాగుండని ఉంది, ఆ మాట చెప్పాను కూడా, నా జీతం ఎంతో కూడా చెప్పాను. పకపకా నవ్వింది, ట్యూషన్‌లో తనకి అంతకంటే ఎక్కువ వస్తుందేమో అని ఇద్దరం లెక్కేసుకున్నాం. రాదులెండి, కొంచెం తక్కువే.

వాళ్ల నాన్నగారు నిన్న ఆటో గేటు దగ్గర ఆపి లోపలికి వచ్చారు. మెమోలు వరసగా పరిచి చూపించాను. చాలాసేపు చూసి, 'అయితే మా గుంట తప్పలేదా అమ్మా?' అన్నారు (గుంట అంటే మా వైపు ఆడపిల్ల). నాలుగో ఏడంటే ఫెయిలై మళ్లీ చదవడం అనుకున్నారట ఇన్నాళ్లూ, అందుకే ఫోన్‌లో అంత కోపం. నేనూ మూడేళ్లూ నాలుగేళ్లూ అని లెక్కలు చెప్పుకుపోయాను తప్ప పాసైందని ఒక్కమాట ముందు చెప్పలేదు.

ఇంకా ఏదీ తేలలేదు. ఎడ్‌సెట్ నోటిఫికేషన్ పడితే అప్లై చేస్తానంది. మా కాలేజీలో రీసెర్చ్ ఆనర్స్ లేదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు, మామూలు ఆనర్స్ పెడితే ల్యాబ్ పొద్దున్నే వేయగలరేమో అడుగుతున్నాను. రిజిస్టర్‌లో తన వరసలో సలహా గడి సరిపోక అంచు మీద కూడా రాశాను. రేపు మెమోల్లో తప్పినవి ఉన్న ఆరుగురిలో ఇద్దరిని రమ్మన్నాను, వాళ్లు ఆనర్స్ గురించి కాకుండా సప్లిమెంటరీ ఫీజు గురించి మాట్లాడేలా ఉన్నారు.