ఫోర్క్ వంగిన బండి: బీమా సర్వేయర్ సరిచేయించమంటున్నారు, షోరూం మార్చాలంటోంది

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. గత ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదు నుంచి విజయవాడ వస్తుండగా, సూర్యాపేట దాటిన తర్వాత డివైడర్ సందులోంచి ఒక గేదె ఉన్నట్టుండి రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు వేసినా బండి ఆగక ముందు చక్రం దానికి తగిలింది, నేను కుడివైపు పడిపోయాను. గేదె లేచి తన దారిన తాను పోయింది గానీ, నాకు కుడి మణికట్టు ఎముక చిట్లడంతో పిండికట్టు వేశారు. ఆసుపత్రి ఖర్చు రూ.6,200 అయింది.

నాది 150 సీసీ బండి, కొని 2 సంవత్సరాల 4 నెలలు అయింది. కొన్నప్పుడు ఇచ్చిన ఐదేళ్ల థర్డ్ పార్టీ (ఇతరులకు జరిగే నష్టానికి) పాలసీ ఇంకా నడుస్తోంది. ఓన్ డ్యామేజీ (సొంత బండి నష్టానికి) పాలసీని ఏటా రెన్యూ చేయిస్తున్నాను, కానీ భాగాల పాతదనానికి కోత పెట్టకుండా డబ్బిచ్చే జీరో డెప్ తీసుకోలేదు. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా లేదు.

షోరూంలో పన్నులతో కలిపి రూ.24,000 ఎస్టిమేషన్ ఇచ్చారు. అందులో ఫోర్క్ ట్యూబులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలు), టీ-స్టెమ్ (వాటిని చట్రానికి కలిపే భాగం), హ్యాండిల్ బార్, ముందు అల్లాయ్ చక్రం వంటి లోహపు భాగాలకు రూ.14,000, హెడ్‌లైట్ వైజర్, మడ్‌గార్డ్, ఇండికేటర్ల వంటి ప్లాస్టిక్ భాగాలకు రూ.7,000, కూలికి రూ.2,600, ఫోర్క్ ఆయిల్‌కు రూ.400 వేశారు. నష్టం అంచనాకు బీమా కంపెనీ పంపిన సర్వేయర్ గారు వచ్చి బండిని నిలబెట్టే చూసి, ఫోర్క్ ట్యూబులు మార్చనవసరం లేదని, బెండ్ తీయిస్తే సరిపోతుందని చెప్పి వెళ్లారు. షోరూం వారు అది ప్రమాదమంటున్నారు. ఎవరి మాట వినాలి? నా చేతి నుంచి ఎంత పడుతుంది? బోనస్ (క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది కాబట్టి అసలు క్లెయిమే పెట్టవద్దని ఒక మిత్రుడు అంటున్నాడు, అది నిజమేనా? ఆసుపత్రి బిల్లు కూడా ఈ పాలసీలో వస్తుందా?

పాత సర్వీస్ అడ్వైజర్:

ముందుగా, మీరు ప్రాణాలతో బయటపడ్డారు, సంతోషం. నేను పదకొండేళ్లు షోరూం కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి కాబట్టి నిజం చెబుతాను: ఈ తగాదాలో ఇద్దరినీ గుడ్డిగా నమ్మకూడదు. కొత్త భాగం అమ్మితే షోరూంకు లాభం, పాతదాన్ని సరిచేయిస్తే బీమా కంపెనీకి ఆదా. కొలిచి చూస్తే గానీ నిజం తేలదు, నిలబెట్టిన బండిని చూసి ట్యూబు వంగిందో లేదో ఎంతటి సర్వేయరైనా చెప్పలేరు.

ట్యూబులను విప్పించి, వి-బ్లాకుల (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి, మధ్యలో డయల్ గేజ్ (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి నెమ్మదిగా తిప్పమనండి. గేజ్ ముల్లు మొత్తం ఎంత కదిలిందో అందులో సగమే అసలు వంపు. చాలా హోండా మాన్యువళ్లలో దీనికి 0.20 మి.మీ. హద్దు పెట్టారు. మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉందో అడిగి తెలుసుకోండి. అది దాటితే, లేదా క్రోమ్ పూత మీద వేలికి తగిలేంత మడత గీత కనిపిస్తే, నేనైతే ఆ ట్యూబును మార్చకుండా బండి ఎక్కను. ప్రెస్సు కింద పెట్టి సరిచేసిన ట్యూబు చూడటానికి నిటారుగానే ఉంటుంది, కానీ పూత చిట్లిన చోట ఆయిల్ సీలు కోసుకుపోయి, కొన్నాళ్లకు ఆయిల్ కారి ముందు బ్రేకు మీద పడుతుంది.

కొలత తీసేటప్పుడు గేజ్ కనిపించేలా ఫోటోలు, వీడియో తీసి, మరోసారి తనిఖీ చేయమని బీమా కంపెనీకి ఈమెయిల్ పంపండి. ఫోన్‌లో మాట్లాడినది లెక్కలోకి రాదు. విప్పిన తర్వాత బయటపడిన నష్టానికి సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేషన్ ఇవ్వడం మామూలే. అయితే సర్వేయర్ చూడకముందే పని పూర్తి చేయించి బిల్లు మాత్రం పంపవద్దు. చట్రానికి ముందుండే మెడ భాగంలో పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడమనండి.

లెక్కల మాస్టారు:

డబ్బు సంగతి నేను చెబుతాను. మీ బండి వయసు రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు ఉంది కాబట్టి లోహపు భాగాల మీద 15 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద బండి వయసుతో నిమిత్తం లేకుండా 50 శాతం తరుగు (వాడకంతో తగ్గిన విలువ) తీసేస్తారు. కూలి మీద తరుగు లేదు. ఆ లెక్కన లోహానికి రూ.11,900, ప్లాస్టిక్‌కు రూ.3,500, కూలికి రూ.2,600, మొత్తం రూ.18,000 అవుతుంది. ద్విచక్ర వాహనాలకు తప్పనిసరి కోత (క్లెయిమ్‌లో యజమానే భరించాల్సిన మొత్తం) రూ.100 తీస్తే మీకు వచ్చేది రూ.17,900. ఫోర్క్ ఆయిల్ వంటివి ఇవ్వరు కాబట్టి మీ వాటా రూ.6,100.

బోనస్ విషయంలో మీ మిత్రుడి భయం చాలామందికి ఉన్నదే. నో క్లెయిమ్ బోనస్ ఓన్ డ్యామేజీ ప్రీమియం మీదే తప్ప థర్డ్ పార్టీ ప్రీమియం మీద ఉండదు. క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే ఏడాది నుంచి 35, 45, 50, 50, 50 శాతం వచ్చేది, పెడితే 0, 20, 25, 35, 45 శాతం వస్తుంది. తేడాలన్నీ కూడితే ఐదేళ్లలో 105 శాతం, అంటే బోనస్ లేనప్పుడు మీరు కట్టే ఒక ఏడాది ఓన్ డ్యామేజీ ప్రీమియం కంటే కాస్త ఎక్కువ. ఆ మొత్తం ఎంతో పాలసీ కాపీ తీసి చూసుకుని రూ.17,900 పక్కన పెట్టండి. రెండు వేల రూపాయల అద్దం, ఇండికేటర్ అయితే మీ మిత్రుడి మాట వినమనేవాణ్ణి.

ఆసుపత్రి బిల్లు రాదు. యజమానికి ఉండే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికీ శాశ్వత వైకల్యానికీ సంబంధించినది. మీకు విడిగా ఆరోగ్య బీమా ఉంటే అందులో అడగండి.

ఖమ్మం గుమ్మం:

ఇంకొక మాట, ఇది సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారికి. ఆర్‌సీ నా పేరుకు మారింది గదా అని ధీమాగా ఉన్నాను, పాలసీ మాత్రం పాత యజమాని పేరుమీదే ఉండిపోయింది. పాలసీని నా పేరుకు మార్చమని కొన్న 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలని యాక్సిడెంట్ అయ్యాక గానీ నాకు తెలియలేదు, రూ.19,000 నేనే పెట్టుకున్నాను. కృష్ణాతీరం గారికి ఆ బెడద లేదు. ఈమెయిల్‌కు నెల రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా హైదరాబాదు లకడీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి, ఫీజు ఉండదు.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. విప్పించి కొలిపించాను. కుడి ట్యూబు వంపు 0.6 మి.మీ. వచ్చింది, ఎడమది 0.15 మి.మీ. మాత్రమే ఉంది. ఫోటోలతో ఈమెయిల్ పంపిన నాలుగో రోజున సర్వేయర్ గారు మళ్లీ వచ్చి, కుడి ట్యూబును మార్చడానికి ఒప్పుకున్నారు, ఎడమదానికి ఒప్పుకోలేదు. ఆయన చెప్పింది సబబే అయినా నాకు మనసొప్పక ఆ ఒక్కటి, రూ.1,900, నా డబ్బుతోనే మార్పించాను. బిల్లులో నా వాటా రూ.7,715 అయింది. పిండికట్టు ఇంకా మూడు వారాలు ఉంటుంది కాబట్టి బండిని షోరూం నుంచి మా తమ్ముడు నడుపుకుంటూ తెచ్చాడు. చేతులు వదిలినా పక్కకు లాగడం లేదని చెప్పాడు, చేతులు ఎందుకు వదిలావని వాణ్ణి తిట్టాను.